పాడేవాళ్లకు కనబడే లైటు

పాటల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి,

అయ్యా, కొత్త వెర్షన్‌లో ఏమేం మార్పులు కావాలో రాయమన్నారు. నాకు ఒక్కటే కావాలి. శ్రుతి తప్పిన గొంతును సరిచేసే బటన్ నొక్కి ఉన్నంతసేపూ, పాడేవాళ్లకి కూడా కనబడేలా పెద్ద ఎర్ర లైటు వెలగాలి. బటన్ బాగానే పనిచేస్తోంది. అదే నా ఖర్మ.

గొంతు ఆపరేషనయ్యాక మా పిన్ని పాడటం మానేసింది. నేనే బతిమాలి, గోడలకు దుప్పట్లు కట్టిన నా వెనకగది స్టూడియోలో మైకు ముందు నిలబెట్టాను. అపశ్రుతి వినబడితే ఎక్కడ బెదిరిపోతుందోనని ఆ బటన్ నొక్కేశాను. హెడ్‌ఫోన్‌లో వెనకటి గొంతులాగే వినబడేసరికి పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. "గొంతు తిరిగొచ్చిందిరా!" అంది. ఆ మొహం చూశాక బటన్ సంగతి దాచేశాను.

అదే ధైర్యంతో మొన్న తన రిటైర్మెంట్ సభలో ఎవరూ అడక్కుండానే లేచి పాడింది. ముందు వరసలోవాళ్లు తలలు దించుకున్నారు. నేనైతే ఫోనొచ్చినట్టు నటిస్తూ బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి అడిగింది, "నీ గదిలో బాగానే పాడాను కదరా, అక్కడేమైంది?"

"అక్కడి మైకు మంచిది కాదు పిన్నీ" అన్నాను, సిగ్గులేకుండా.

ఆదివారం మంచి మైకు కొనుక్కుంటుందట, నన్ను తోడు రమ్మంది. కొన్నాక పాడి చూసుకోవడానికి నేరుగా నా గదికే వస్తుంది. ఆలోపు ఆ లైటు పెట్టగలరా? నా నోటితో నేను చెప్పలేను.

ఇట్లు,
ఆ బటన్ నొక్కినవాడు