అన్నీ కొంచెం కొంచెం వచ్చిన కొండప్ప

చిక్కబళ్ళాపుర, 6 జులై 2008

మిట్టేమరి కొండప్ప పెదనాయనకు నేత్ర నమస్కారాలు.

హాస్టల్లో మేం నలుగురం ఆదివారాలు ఒక ఆట ఆడుతున్నాం. ఒక్కొక్కరం కాగితం మీద ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషిగా మాట్లాడుతూ కథ నడపాలి. చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. నయన మనిషికి తాళాలు తీయడం వచ్చు. నా మనిషికి అన్నీ కొంచెం కొంచెం వచ్చు. "అన్నీ నువ్వే చేస్తే మేమెందుకు ఉండేది?" అని నయన అలిగింది. ఆ విద్య ఎంతవరకు పనిచేయాలో ఆదివారంలోగా తేల్చకపోతే నా మనిషిని తీసేస్తారట. మోటారు, విరిగిన చెయ్యి, తాలూకా ఆఫీసు అర్జీ, ఊళ్ళో అన్నీ చూసేది మీరే కదా. మీకెలా పనిచేస్తుంది?

నేత్ర

తా.క. నా మనిషికి మీ పేరే పెట్టాను.

మిట్టేమరి, 9 జులై

చిరంజీవి నేత్రకు పెదనాయన దీవెనలు.

తాళాలు తీసే పిల్లతో స్నేహం మానుకో. పైగా పాచికలు అంటున్నావు. వార్డెన్‌కు అర్జీ రాశాను. నీ పేరు రాకుండా నయన పేరొక్కటే పెట్టాను.

అడిగినదానికి చెబుతాను. నాకేదీ పూర్తిగా రాదు. మోటారు విప్పి, ఏ మెకానిక్‌ను పిలవాలో చెబుతాను. చెయ్యి విరిగితే చింతామణి ఆస్పత్రికి చేరేదాకా కదలకుండా కట్టు కడతాను. పని తెలిసినవాడు వచ్చాక పక్కకు జరిగి టార్చి పట్టుకుంటాను.

కొండప్ప

తా.క. ఈ సంగతి మీ అమ్మకు చెప్పలేదు. నీ ఉత్తరం పైకి చదివేటప్పుడు ఆమె పక్కనే ఉండింది, అంతే.

చిక్కబళ్ళాపుర, 14 జులై

పెదనాయనకు నమస్కారం.

మీ అర్జీ వార్డెన్‌కు అందింది. నయన పెట్టె, పరుపు వెతికారు. ఒక హెయిర్‌పిన్ దొరికింది. అది కాగితం మీది తాళం, పెదనాయనా. నయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా మీ మాట చదివి వినిపిస్తే మొదట ఒప్పుకున్నది తనే. ఇప్పుడు మా నియమం ఇది: కొండప్ప ఒక్కడే ఉంటే పని చెడకుండా ఆపగలడు, ముగించలేడు. తెలిసినవాళ్ళు పక్కనుంటే వాళ్ళ పాచికకు ఒక అంకె కలుపుతాడు.

నిన్న అలాగే ఆడాం. నయన తాళం తీసేదాకా, కూలుతున్న గోడను కొండప్ప భుజంతో ఆపాడు. మిగతా అందరూ బయటపడ్డారు.

నేత్ర

తా.క. కొండప్ప పోయాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మిట్టేమరి, 18 జులై

నేత్రకు, ఇంకా బతికే ఉన్న పెదనాయన రాసేది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను చెయ్యి విరిగిన ఆంజనేయప్పను తీసుకుని చింతామణి ఆస్పత్రికి వెళ్ళాను. మీ పెద్దమ్మకు చదువు రాదు కదా, పక్కింటి వెంకటేశప్ప చేత చదివించింది. ఆయన పొడుగు ఉత్తరాలను చివరినుంచి చదువుతాడు, తా.క. దగ్గరే ఆగిపోయాడు. నేను బస్సు దిగి వచ్చేసరికి ఊరంతా ఇంటిముందు కూర్చుని ఉంది. "ఇంక మా మోటారు ఎవురు చూస్తారప్పా?" అంటున్నాడు ఆదినారాయణప్ప.

నన్ను చూసి వెంకటేశప్ప లేచి, "ఉండావు కదప్పా. యాడికీ పోవద్దు, మా మిక్సీ తెస్తాను" అన్నాడు. సాయంత్రానికి వరండాలో మూడు మోటార్లు, రెండు మిక్సీలు, ఏడు అర్జీలు చేరాయి. మీ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూనే అందరినీ వరసలో నిలబెట్టింది.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. నయనకు క్షమాపణ చెప్పుకోవాలి.

కొండప్ప

తా.క. ఆటలో నాకూ ఒక మనిషిని ఇవ్వండి. వాడికి ఒక్క పనే రావాలి. ఇంకేమడిగినా "నాకు తెలీదు" అని కూర్చోవాలి.