సుగుణ రేకు పెట్టె అమ్మేది లేదు

సుగుణా,

ఎట్లున్నావు? నువ్వు వెళ్లిపోయి ఏడాది దాటింది. నేను బాగున్నాను. ఊరికే మాటకు అనడం లేదు, నిజంగానే బాగున్నాను... ఆదివారం నుంచి సంతోషం ఒంట్లో పట్టడం లేదు. ఎవరితో చెప్పుకోను? మన అమ్మాయి పద్మ ఆఫీసుకు వెళ్లింది, మనవరాలు బడికి వెళ్లింది. అందుకే నీకు రాస్తున్నాను. ఏడో తరగతితో ఆగిన చెయ్యి, తప్పులుంటే నవ్వుకో.

ముందు గొడవ చెప్పాలి.

నీ సంవత్సరీకం అయిన మర్నాడు మీ పెద్దక్క భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ ఒక మాట అనేసింది. పోయిన మనిషి సామాను ఏడాది దాటాక ఇంట్లో ఉండకూడదట. అంతా తీసేసి గోడలకు రంగు వేయించాలట. నీ చీరలు అంతకుముందే పంచేశాం. నీ అద్దం ఇచ్చేశాం, దువ్వెన కూడా పోయింది. ఇంకా ఏం మిగిలింది? నీ రేకు పెట్టె.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి తార్నాక దాకా మనతో వచ్చిన ఆ ఆకుపచ్చ పెట్టె. నువ్వు పిల్లలకు బొమ్మలు చేయడానికి దాచిందంతా అందులోనే ఉంది. తెగిపోయిన హవాయి చెప్పులు, ఖాళీ దారపు రీళ్లు, కోటు గుండీలు, అగ్గిపెట్టెలు, విరిగిన గొడుగు పుల్లలు, చీర అంచుల ముక్కలు... ఎవరింట్లో ఏది పారేయబోయినా చెయ్యి చాపేదానివి కదా.

పద్మ రంగులేసేవాళ్లను మాట్లాడింది. పెట్టె మూత కూడా తెరవలేదు. పాత సామాను బండివాడికి ఇచ్చేద్దామంది. బొద్దింకలంది, ఇల్లు ఇరుకంది. అన్నీ నిజమే, కాదనను. కానీ చివరికి ఒక మాట అంది.

"బాపూ, అమ్మ ఆ డబ్బాల లేదు."

అది అని మొహం అటు తిప్పుకుంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది సుగుణా. నువ్వు ఉన్నప్పుడు ఎప్పుడైనా ఇంత గొంతు చేశానా? డబ్బాలో లేదా? అయితే ఎక్కడ ఉందో చూపించమన్నాను. పెట్టె బయటికి పోతే దాని వెనకాలే నేనూ పోతానన్నాను. మెట్ల దగ్గర పక్క ఫ్లాటు వాళ్లు నిలబడి విన్నారు. వింటే విననీ.

పద్మ కూడా నీ కూతురే కదా, తగ్గుతుందా? ఇప్పటి పిల్లలు ఈ తుక్కుతో ఆడతారా అంది. ఆడతారన్నాను. చివరికి ఒప్పందం అయింది. రంగులేసేవాళ్లు వచ్చేలోపు బయటి పిల్లల్లో ఒక్కరైనా తమంతట తాము వచ్చి ఇంకొకటి కావాలని అడిగితే పెట్టె ఉంటుంది. అడగకపోతే నేనే దాన్ని మోసుకెళ్లి బండి మీద పెట్టాలి. మనవరాలు అడిగితే లెక్కలోకి రాదట. తాత మీద ప్రేమతో అడుగుతుందట! చూశావా తెలివి?

ఆ వారమంతా పట్టుదలగా కూర్చుని చేశాను. చెప్పులు గుండ్రంగా కోసి చక్రాలు చేశాను, గొడుగు పుల్ల ఇరుసు, అగ్గిపెట్టె బండి. గుండీలో దారం ఎక్కించి, రెండు చేతులతో లాగితే గుయ్యిమని తిరిగేట్టు చేశాను. చీర అంచులతో గుడ్డ పిల్లలు చేశాను. ఏదీ ఊడకుండా గమ్ము వేసి, ముళ్లు బిగించి, బొమ్మలకు కళ్లూ ముక్కూ దిద్దాను. నువ్వు చేసినవాటికన్నా నీటుగా వచ్చాయి. కోపం తెచ్చుకోకు, నిజం చెబుతున్నాను.

ఆ వారం చివర, ఆదివారం పొద్దున్నే సంచి భుజాన వేసుకుని యూనివర్సిటీలోకి వెళ్లాను. రాతి కాలేజీ ముందు పచ్చిక ఉంది కదా, వాకింగ్‌కు వచ్చినవాళ్లంతా పిల్లల్ని వదిలేసి రాగిజావ తాగే చోటు... అక్కడే వేపచెట్టు కింద నీ పాత దుప్పటి పరిచాను. పరిచానో లేదో సెక్యూరిటీ అతను వచ్చాడు.

"ఏ పెద్దాయనా, గీడ అమ్ముడు బంద్!"

అమ్మడం లేదని చెప్పాను. మరి ఎందుకు పెట్టావన్నాడు. ఆడుకోవడానికన్నాను. నా వయసు చూశాడు, దుప్పటి చూశాడు, వెళ్లిపోయాడు.

పిల్లలు వచ్చారు. బండి రెండుసార్లు లాగి చూశారు. బాగుంది తాతా అన్నారు. తీసుకున్నది తీసుకున్నట్టే తెచ్చి, జాగ్రత్తగా, కొట్లో వస్తువు పెట్టినట్టు దుప్పటి మీద పెట్టి వెళ్లిపోయారు. ఒకామె గుడ్డ పిల్లను ఎత్తి చూసి, ఎంతకు ఇస్తారని అడిగింది. అంతే... ఎండ వచ్చింది, జనం పోయారు, నేనూ నా నీటైన బళ్లూ మిగిలాం.

ఇంటికొస్తే పద్మ నా సంచి అందుకుని పక్కన పెట్టింది. టీ పెట్టి ఇచ్చింది. తిట్టినా బాగుండేది. ఏం లోపం వచ్చింది సుగుణా? నీవి వంకర టింకరగా ఉండేవి కదా, అయినా క్వార్టర్స్ పిల్లలు వాటికోసం కొట్టుకునేవాళ్లు కదా?

రెండు రోజులు అదే ఆలోచన. బుధవారం గుండీకి ముడి వేస్తున్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి మీద నువ్వు ఫట్‌మని కొట్టినట్టయింది! గుర్తుందా, క్వార్టర్స్ అరుగు మీద ఎన్నిసార్లు కొట్టావో... నేను సాయం చేద్దామని ముడి వేయబోతే చాలు.

"ఆగు! ఆఖరి ముడి నువ్వేస్తే అది నీ బొమ్మ అయితది. నీకేం పని బొమ్మతోని, ముసలోనివా పోరనివా? చేతులు జేబుల పెట్టుకో."

అప్పుడు నేను ముసలోణ్ని కూడా కాదు. అయినా అనేదానివి.

నువ్వు ఏదీ పూర్తి చేసేదానివి కాదు. బండికి తాడు కట్టేదానివి కాదు. గుండీ దారం కొసలు వదిలేసేదానివి. గుడ్డ పిల్లకు మొహం ఉండేది కాదు, బొగ్గు ముక్క ఇచ్చి నువ్వే పెట్టుకో అనేదానివి. బద్ధకమనుకునేవాణ్ని! నేనేమో గమ్ము డబ్బా అంతా ఖాళీ చేసి, పిల్లలకు చేయడానికి ఏమీ మిగల్చలేదు.

అన్నీ విప్పేశాను. అతికిన చక్రాలు ఊడబీకాను. బొమ్మల మొహాలు సబ్బు పెట్టి కడిగాను. పద్మ గుమ్మంలో నిలబడి చూసింది, నాకు మతి పోయిందనుకుని ఉంటుంది. అనుకోనీ.

మొన్నటి ఆదివారం మళ్లీ అక్కడే పరిచాను. ఈసారి అన్నీ సగం సగం. చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాను, నీ మీద ఒట్టు. ఒక పిల్లవాడు వచ్చాడు. చక్రం విడిగా ఉంది, పుల్ల విడిగా ఉంది. ఇది ఎక్కదేంటి తాతా అన్నాడు. నాకు తెలియదన్నాను. ఇంకొకడు వచ్చి అట్ల కాదురా అని వాడి చేతిలోంచి లాక్కున్నాడు. ఇక మొదలైంది చూడు!

ఒకడు తాడు బండికి కట్టకుండా చక్రానికి కట్టాడు. లాగితే బండి పల్టీలు కొట్టింది. నా వేళ్లు జేబులో కొట్టుకుంటున్నాయి, సరిచేద్దామని... చేయలేదు. వాళ్లకు ఆ పల్టీలే నచ్చాయి. అందరూ తాళ్లు విప్పి చక్రానికే కట్టుకున్నారు, ఎవడి బండి ఎక్కువ పల్టీలు కొడుతుందోనని పందెం. ఒక పాప గుడ్డ పిల్లకు ఒక కన్ను నుదుటి మీద పెట్టింది, ఇంకొకటి బుగ్గ మీద పెట్టింది. దాన్ని ఎత్తుకుని, ఎవరికీ ఇవ్వనని చెట్టు చుట్టూ పరుగు. వాళ్ల అమ్మ ఇంటికి రమ్మని అరుస్తుంటే వినిపించుకోదు. సెక్యూరిటీ అతను మళ్లీ వచ్చాడు, పచ్చిక ఖాళీ చేయమన్నాడు. చేయనన్నాను. చుట్టూ పిల్లలు కూర్చుని ఉంటే అడుగు పెట్టడానికి అతనికి సందు దొరకలేదు!

పొద్దెక్కినా టిఫిన్‌కు రాలేదని పద్మ వెతుక్కుంటూ వచ్చింది. స్కూటీ పక్కన పెట్టి దూరంగా నిలబడిందట, నేను చూడలేదు. సరిగ్గా అప్పుడే ఆ పాప, వాళ్ల అమ్మ చెయ్యి విడిపించుకుని వెనక్కి వచ్చింది.

"తాతా, దీనికి చెల్లె కావాలె. ఇంకోటి ఇయ్యి. మొహం నేనే పెడ్త."

విన్నావా? విన్నావా సుగుణా? నాకు లేచి గంతేయాలనిపించింది, మోకాళ్లు ఒప్పుకోలేదు. తలెత్తితే పద్మ. ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏదీ సరిగా చేయడం లేదు. ఏడాదిగా ఆ పెట్టె మూత తెరవలేక దాన్నే బయటికి పంపేద్దామనుకుందట, నా పక్కన కూర్చుని అప్పుడు చెప్పింది. ఎన్నాళ్లు లోపల పెట్టుకుందో... నాకు ముందే చెబితే ఏం పోయేది?

నిన్న రంగులేసేవాళ్లు వచ్చారు. పెట్టె అడ్డంగా ఉంది, ఎక్కడ పడేయమంటారని అడిగారు. నేను నోరు తెరిచేలోపు పద్మే అందుకుంది, దాన్ని ముట్టుకోవద్దు, దాని చుట్టూ వేసుకోండి అని. సాయంత్రం చూస్తే దాని మూత తెరిచి ఉంది. ఖాళీ పౌడరు డబ్బా కడిగి, ఆరబెట్టి, అందులో వేస్తోంది. నేను చూడనట్టు అటు తిరిగాను.

మీ అక్క ఫోన్ చేసి సామాను తీసేశారా అని అడిగింది. తీయలేదు, తీయం, ఇంకా పెంచుతున్నాం అని చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

పోయినవాళ్లు పోయినట్టే ఉండాలని ఎవరు రాశారు సుగుణా? రాసినవాళ్లు నిన్ను చూడలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాను. వాన పడినా వెళ్తాను, మోకాళ్లు వద్దన్నా వెళ్తాను. నువ్వే దిగొచ్చి ఇక చాలించమన్నా వినను. ఒకవేళ వస్తే మాత్రం ఊరికే నిలబడకు... వచ్చి నా పక్కన కూర్చో, పిల్లలు చాలామంది వస్తున్నారు.

నీ మొండి మనిషి,
నర్సింహ