గాలి లేచాక ఎగరను

మేనేజరుగారికి,

మీ టెలిగ్రాం అందింది. మందు చల్లే విమానాన్ని మధ్యాహ్నాలు ఎందుకు ఆపేశానని అడిగారు. కణేకల్ చేల మీద పొద్దెక్కితే గాలి లేస్తుంది. వేరుశనగకు మందు చల్లాలంటే నేను చెట్ల తలలకంటే కిందికి దిగాలి. అక్కడ గాలి ఒక్క తోపు తోస్తే విమానం నేలకు గుద్దుకుంటుంది. గట్టు మీద తెల్లజెండా పట్టుకుని నాకు దారి చూపే ఎర్రిస్వామి మీద మందు పడుతుంది. మొన్న పడింది కూడా. కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "ఏమప్పా, పురుగును సంపేకి వచ్చినావా, నన్ను సంపేకి వచ్చినావా?" అన్నాడు.

ఎన్ని ఎకరాలు తడిపితే అంత కూలి అన్నారు కనుకే ఇన్నాళ్లూ ఆ గాలిలోకి వెళ్లాను. ఇక వెళ్లను. నెలజీతం ఇవ్వండి. ఎప్పుడు దిగాలో పైలట్‌నే చెప్పనివ్వండి.

నా బదులు మీరు పంపిన కొత్త పైలట్ నిన్న బస్సు దిగారు. నేను వాదించలేదు. మధ్యాహ్నం ఎర్రిస్వామి జెండా ఆయన చేతికిచ్చి గట్టు మీద నిలబెట్టాను. గాలి దాన్ని లాక్కుపోయింది.

కింద రెండో సంతకం ఆయనదే.