సినిమాల్లో కనిపించని అక్క

అక్కా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఇన్నేళ్ళు నీతో ఉన్న ఆ జబ్బు నిన్నేమీ చేయలేకపోయింది గానీ, డెంగీ వారం రోజుల్లో తీసుకుపోయింది... మేమింకా ఆర్.కె. పురంలోనే, అదే క్వార్టర్లో ఉన్నాం.

నీకొక సంగతి చెప్పాలి. కింది అంతస్తు సరళ గుర్తుందా? వాళ్ళమ్మాయి కీర్తి ఏడో తరగతిలో నీ దగ్గర లెక్కలు చెప్పించుకునేది. నీ మందుల సంగతి సరళకి నువ్వే చెప్పావు. దాచుకునే అలవాటు నీకెప్పుడుంది? పిల్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అప్పుడే టీవీలో ఒక సినిమా వచ్చింది. అందులో మతి తప్పిన ఒకావిడ కత్తిపీట పట్టుకుని పసిపిల్ల వెంటపడుతుంది. మర్నాటి నుంచి సరళ కీర్తిని పంపలేదు. పరీక్షలొస్తున్నాయి, ఇంట్లోనే చదువుకుంటుందని కబురు చేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వేమో పొయ్యి ముందు నిలబడి నవ్వావు. "పొద్దున్నే మాత్ర వేసుకుంటాను, పప్పులో తాలింపు పెడతాను, మధ్యాహ్నం కాసేపు పడుకుంటాను. ఇది సినిమా తీస్తే టిక్కెట్టు ఎవరు కొంటారే?" అన్నావు.

నవ్వావు గానీ, ఆ సాయంత్రం కీర్తి వచ్చే వేళకి కుర్చీ వేసుకుని చాలాసేపు ఒక్కదానివే కూర్చున్నావు... ఏమనుకున్నావు అక్కా అప్పుడు?

మొన్న చలికాలంలో సరళ మెట్లెక్కి మనింటికొచ్చింది. కీర్తి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. కొన్ని నెలలుగా నిద్ర లేదట. ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందట. కిటికీకి దుప్పటి కట్టుకుని గదిలోంచి బయటికి రావట్లేదట. డాక్టరు పేరెత్తితే చాలు, వణికిపోతోందట. గొలుసులతో కట్టేస్తారని, కరెంటు పెడతారని, జుట్టు నిక్కబొడుచుకుని వెర్రి చూపులు చూస్తూ మిగిలిపోతానని...

ఎక్కడ చూసింది ఇవన్నీ? మనమంతా చూసిన చోటే. పాటకీ ఫైటుకీ మధ్య, హాలంతా పగలబడి నవ్వే చోట.

సరళ పాత సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. "మీ అక్కగారిని ఏ డాక్టరు చూసేవారండీ?" అని మాత్రం అడిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కోపం తొందరగా పోదని నీకు తెలుసుగా. ఆ రోజు ఎలా పోయిందో...

కిందికి వెళ్ళాను. కీర్తి గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కనే కూర్చుని నీ గురించి చెప్పాను. నీకూ గొంతులు వినిపించేవని, మొదట్లో నువ్వూ భయపడి అన్నం మానేశావని, మందులతో మెల్లగా కుదుటపడ్డావని. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు కదా, అంతా విని హిందీలోనే, టీచర్ ఆంటీకీ ఇదే జబ్బా అని అడిగింది. అవునన్నాను.

"పర్ టీచర్ ఆంటీ తో... ఆంటీ థీఁ," అంది. ఆంటీ ఆంటీలాగే ఉండేది కదా, అని.

అంతకంటే బాగా నీ గురించి ఎవరైనా చెప్పారా అక్కా?

ఇంకో వారం పట్టింది తను ఒప్పుకోవడానికి. ఆటోలో మా ఇద్దరి చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి వరండాలో ఒకావిడ స్వెటర్ అల్లుకుంటోంది. ఒకాయన డబ్బా విప్పి, పక్కనున్నాయనకి పరాఠా పెడుతున్నాడు. కీర్తి అందరినీ మార్చి మార్చి చూసింది. సినిమాలోవాళ్ళ కోసం వెతుకుతోందని తెలుస్తూనే ఉంది. లోపల నీ డాక్టరుగారు మొదట అడిగింది, నిద్ర పడుతోందా అని. ఆ ఒక్క ప్రశ్నకే పిల్ల భోరుమంది.

ఇప్పుడు నిద్రపోతోంది. గొంతులు పూర్తిగా పోలేదు, దూరం నుంచి వస్తున్నాయంటుంది. మందులకి లావవుతున్నానని అద్దం ముందు ఏడుస్తుంది. ఈ ఏడాది పరీక్షలు రాయలేదు. అన్నీ సర్దుకున్నాయని నీకు అబద్ధం చెప్పను... కిటికీకి కట్టిన దుప్పటి మాత్రం తనే తీసేసింది.

మొన్న ముగ్గురం బస్‌స్టాపులో ఉంటే, పక్క బ్లాకు ఆవిడ ఎక్కడికని అడిగింది. ఇదివరకైతే సరళ పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పేది. ఈసారి కూతురి వైపు చూసింది. కీర్తి తలూపింది.

"బేటీ కో మన్ కీ బీమారీ హై, దీదీ. డాక్టర్ కే పాస్ జా రహే హైఁ," అంది సరళ. పిల్లకి మనసుకి జబ్బు, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం అని, రోడ్డు మీద నిలబడి, మామూలుగా.

ఆవిడ "అచ్ఛా" అని ఓ అడుగు వెనక్కి వేసింది. భయపడిందో, దారిచ్చిందో తెలియలేదు. బస్సొచ్చింది. కీర్తి అందరికంటే ముందు ఎక్కి, మాకిద్దరికీ సీట్లు పట్టింది.

వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి. ఆ పిల్ల వద్దనేదాకా నేను తోడు వెళ్తాను అక్కా. ఎవరడిగినా నీ గురించి చెప్తాను. నువ్వు ఎలా ఉండేదానివో, అలాగే.

ఉంటాను మరి.

నీ చెల్లి
పద్మ