మిస్రీ, చీనీ, మరి మనదేంది?

నసీమక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. మన కాలేజీలో నువ్వు మొదలుపెట్టిన ప్రపంచ చరిత్ర పేపర్‌ను వచ్చే ఏడు ఎత్తేద్దామంటున్నారు మన హెడ్ సార్. "ఉద్యోగం రాని చదువు ఎవరికి గావాలె మేడం?" అన్నారు. వాదించే ఓపిక లేదు. సరే అనేద్దామనుకున్నాను.

ఎలాగూ ఇదే ఆఖరు కదా అని ఈరోజు క్లాసులో నీ పాఠమే చెప్పాను. ఉర్దూలో కలకండను మిస్రీ అంటాం. మిస్ర్ అంటే ఈజిప్టు. చక్కెరను చీనీ అంటాం. అది చైనా పేరు. ఒక్కో తీపి వెనక ఒక్కో దేశం ఉందన్నాను.

బోధన్ నుంచి వచ్చే సరిత లేచింది. "మరి మనదేంది మేడం? మా బాపు పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీ బందైంది. గది ఏ దేశం చరిత్రల ఉన్నది?"

"సిలబస్‌ల లేదు, కూసో తియ్," అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు. సరిత నవ్వలేదు.

నువ్వైతే ఏదో ఒకటి చెప్పేదానివి. నేను తెలియదన్నాను.

"తెల్సుకొని చెప్పుండ్రి మేడం. నా చదువు అయిపాయె గని, వచ్చే ఏడు మా చెల్లె వస్తది."

సాయంత్రం హెడ్ సార్ దగ్గరికి వెళ్లి, పేపర్ ఉండనివ్వమన్నాను. ఆ చెల్లెకు ఏం చెప్పాలో మాత్రం నాకింకా తెలియదక్కా.