గురువు ఫోటో చుట్టూ పూలు

గురువారం రాత్రి, పాండేసర

నిద్ర రావడం లేదు. లాక్‌డౌన్‌కు ముందు మేమాడిన చిరుతల రామాయణం వీడియోకు మా అమ్మాయి రజిత ఇవాళ పేర్లు చేర్చింది. రాముడిగా నా పేరు, సీతగా సదయ్య పేరు, అందరివీ వచ్చాయి. మాకు ఆట నేర్పిన గురువు ముందుండాలని పట్టుబట్టింది నేనే. ఆయన కాళ్లు మొక్కకుండా మాలో ఎవరమూ గజ్జె కట్టలేదు మరి. రజిత మొదట్లోనే ఆయన ఫోటో పెట్టి, చుట్టూ పూలు, పక్కన దీపం అమర్చింది.

గ్రూపులో వేయగానే ‘ఆత్మకు శాంతి’ అని మెసేజ్‌లు. ఆయనేమో ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు.

ఆయన భార్య ఫోన్‌లో ఒకటే ఏడుపు. “ఏంది కొడుకా, దవాఖానోళ్లు నాకు చెప్పకుంట మీకు చెప్పిండ్రా?”

“లేదమ్మా, గురువని ముందల పెట్టినం, గంతే.”

వీడియోను గ్రూపులోంచి తీయించేశాను.

“మ్యూజిక్ వాళ్లతో చివర్ల పెట్టనా, పప్పా?” అంది రజిత.

గురువును చివర పెడతామా? ముందు పెడితే పోయాడంటున్నారు. చివరికి ఆయన పేరు లేకుండానే పంపాం.

ఆ పూల ఫోటో రజిత ఫోన్‌లో ఇంకా ఉందట. తీసేయమని నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. ఉంచమనీ అనలేదు.