మూడో పీపా

అల్సాస్,
అక్టోబరు 19

ఒడీల్ అక్కా,

ఆరేళ్ళ తర్వాత నా ఉత్తరమేమిటని చదవకుండా పారేయకు. ఆదివారం లోపు నువ్వొచ్చి మన నేలమాళిగలోని ఏడు పీపాలూ వాసన చూడాలి. ఆలస్యమైతే ఈ ఏటి వైనంతా పాడవుతుంది.

సెప్టెంబరులో జ్వరమొచ్చినప్పటి నుంచి నాకు వాసన తెలియడం లేదు. నాన్నకు చెప్పలేదు. రోజూ ఆయన గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టి, "ఏముందిరా?" అంటారు. నేను నిరుటి మాటే అప్పజెబుతాను. "గులాబీ, నాన్నా." ఆయన కూడా వాసన చూసి తలూపుతారు.

నిన్న నా భార్య సొలాంజ్ మమ్మల్ని భోజనానికి పిలవడానికి వచ్చి, నేలమాళిగ మెట్ల మీదే ముక్కు మూసుకుంది. "ఛీ, కుళ్ళిన గుడ్ల కంపు! ఇందులో ఎలా నిలబడ్డారయ్యా మీరిద్దరూ?"

నాన్నా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం.

"మీకెన్నాళ్ళ నుంచి?" అని అడిగాను.

ఆయన గ్లాసు కడిగి, తుడిచి, మళ్ళీ కడిగారు.

"మూడో పీపా కంపు కొడుతోందని మీ అక్క అంటే, నీకు ముక్కే లేదు పొమ్మని గెంటేశాను చూడు... అప్పటికే."

నీ తమ్ముడు